ఎనిమిది తీగల శ్రుతి

హుగ్లీ నది ఒడ్డున, ఖిదిర్‌పూర్ రేవులను ఆనుకొని వాట్‌గంజ్ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివర అక్కడ ఓడల కార్ఖానా పెట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఆ పేటకు మిగిలింది. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరచిన తరువాత సముద్రాలు దాటి వచ్చే సరుకుకూ మనుషులకూ ఆ ప్రాంతం ద్వారమయింది. నావికులు తెచ్చిన వస్తువులలో కొన్ని బజారుకు చేరి అమ్ముడయ్యేవి. కొన్ని ఊరిలోనే స్థిరపడి పోయేవి. కలకత్తాలో అలా స్థిరపడిన పరదేశపు సొత్తులలో హవాయి గిటారు ఒకటి.

వాట్‌గంజ్‌లో ఒక ఇరుకు గదిలో అటువంటి గిటారును ఒళ్లో పరుండబెట్టుకొని కూర్చున్న ఒక వాద్యకారుని ఊహించుకోండి. అతనికి పేరు అక్కరలేదు. అతని ముందున్నది ఎనిమిది తీగల వాద్యం. కాలితో నొక్కే రెండు పెడళ్లు కూడ దానికి అమర్చుకోవాలని అతని కోరిక. తీగలు కొన్నాడు, ఉక్కు కడ్డీ ఉన్నది, బిరడలు గట్టిగానే ఉన్నవి. అయినా పని ముందుకు సాగదు. ఏ తీగకు ఏ స్వరం ఇవ్వాలి? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికే వరకు ఆ పెట్టె వట్టి కర్రే.

మామూలు గిటారు వాయించేవానికి ఈ చిక్కు ఇంతగా లేదు. అతని ఎడమచేతికి నాలుగు వ్రేళ్లున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క మెట్టు మీద పెట్టి కావలసిన స్వరాల కలయికను అప్పటికప్పుడు కట్టుకోగలడు. హవాయి పద్ధతిలో వ్రేళ్ల బదులు ఉన్నది ఒకే ఒక ఉక్కు కడ్డీ. అది తీగలన్నింటి మీద అడ్డంగా, తిన్నగా ఆనుతుంది. కడ్డీ ఎక్కడికి జరిగినా తీగల మధ్య దూరాలు మారవు. తీగలను స-గ-ప అని మేళవిస్తే ప్రతి చోటా స-గ-ప సంబంధమే మ్రోగుతుంది. అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం కావాలంటే కడ్డీని ఏటవాలుగా తిప్పి పట్టుకోవాలి. అందులో ఒక వెంట్రుక వాసి తప్పినా చెవి క్షమించదు. కనుక ఈ వాద్యానికి శ్రుతి కూర్చడమంటే, దాని మీద ఏమి వాయించవచ్చునో, అంతకు మించి ఏమి వాయించరాదో, ముందుగానే శాసనం వ్రాయడం. పదేళ్లు ఒక శ్రుతికి అలవాటు పడిన చేతికి దానిని మార్చడం మళ్లీ ఓనమాలు దిద్దుకోవడం వంటిది. అందుకే ఆ గదిలో అంత ఆలస్యం.

ఈ కడ్డీ పద్ధతికి ఆద్యుడు హవాయి దీవులలో లాయే గ్రామంలో పుట్టిన జోసెఫ్ కెకుకు అని పేరు. 1880లలో, బడి పిల్లవాడుగా ఉన్నప్పుడే, ఉక్కు ముక్కను తీగల మీద జార్చి చూశాడని చెబుతారు. అంతకు ముందే ఇండియా నుండి ఆ దీవులకు చేరిన గాబ్రియేల్ డేవియన్ అనే నావికుడు అలా వాయించాడన్న వాదం కూడ ఉన్నది. ఎవరు ముందన్న తగవు ఎలా ఉన్నా, కర్రదిమ్మెతో తీగలను నడిపే గోటువాద్యం ఎరిగిన దక్షిణ దేశపు శ్రోతకు ఈ జారుడు పరాయిదిగా తోచదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనశాల తరువాత హవాయి సంగీతం అమెరికాను ఊపివేసింది. దాని అలలే కలకత్తాకు కూడ వచ్చి తాకినవి.

సమోవాలో పుట్టి, కెకుకు గ్రామమైన లాయేలోనే పెరిగిన టౌ మోయ్ అనే కళాకారుడు భార్య రోజ్‌తో కలిసి ఆసియా అంతటా తిరిగి కచేరీలు చేశాడు. రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో ఆ కుటుంబం కలకత్తాలోనే నివసించింది. అదే నగరంలో గార్నీ నైస్ అనే ఆయన ‘అలోహా బాయ్స్’ బృందాన్ని నడిపి హవాయి పాటలను రికార్డులకెక్కించాడు. తరువాతి తరంలో బటుక్ నందీ రవీంద్ర సంగీతాన్నీ, సునీల్ గంగూలీ సినిమా పాటలనూ ఆ గిటారు మీద వినిపించారు. మాటలు లేని ఆ పాటల రికార్డులు బెంగాలు ఎల్లలు దాటి దేశమంతటా అమ్ముడయినవి.

హవాయి నుండి వాద్యం వెంట శ్రుతి కూడ వచ్చింది. అక్కడి పాత కూర్పులలో ఒకదానిని మన స్వరాలలో చెబితే క్రింది తీగ నుండి పై తీగ వరకు ప-స-ప-స-గ-ప. తీగలన్నీ ఒక్కసారి మీటితే పాశ్చాత్యులు ఇష్టపడే నిండు కలయిక మ్రోగుతుంది. పాట పాడే గొంతుకు ప్రక్కన మెత్తగా నిలబడడానికి అది చక్కని ఏర్పాటు. రాగం వాయించడానికి మాత్రం చిక్కే. తోడిలో అంతర గాంధారానికి చోటు లేదు. మీటకపోయినా ఆ తీగ ప్రక్క తీగల కదలికకు తానే పలుకుతుంది. వంద మంది కూర్చున్న సభలో పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం మాటిమాటికీ గొంతెత్తినట్లుంటుంది.

ఈ చిక్కును విప్పినవారిలో మొదట చెప్పవలసిన పేరు బ్రిజ్‌భూషణ్ కాబ్రా. జోధ్‌పూర్‌లో 1937లో పుట్టిన ఆయన అలీ అక్బర్ ఖాన్ శిష్యులు. ఈ పరదేశపు గిటారు మీద హిందూస్థానీ శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి వాయించనని తండ్రికి మాట ఇచ్చి నిలబెట్టుకొన్నారని చెబుతారు. ఆ మాట నిలవాలంటే ముందు తీగల మేళవింపు మారక తప్పలేదు. కలయికల కోసం పెట్టిన తీగల ప్రాధాన్యం తగ్గింది; రాగం నడిచే తీగలు కొన్ని, తాళం తట్టే చికారీ తీగలు కొన్నిగా వాద్యం విడిపోయింది. 1967లో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువులతో కలిసి ఆయన వాయించిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డు ఆ మార్పుకు ఇంటింటా సాక్ష్యమయింది. జైపూరుకు చెందిన విశ్వమోహన్ భట్ అదే దారిలో మోహనవీణను రూపొందించి, రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో గ్రామీ బహుమానం పొందారు. కోల్‌కతాలోనే 1963లో పుట్టిన కాబ్రా శిష్యుడు దేబాశిష్ భట్టాచార్య ఇంకొక అడుగు వేశారు. చతురంగి, గాంధర్వి, ఆనంది అని మూడు వాద్యాలను ఆయన తన చేతికి తగినట్లు తీర్చుకొన్నారు. ఆనందికి నాలుగే తీగలు. చతురంగికి అనునాద తీగలతో కలిపి ఇరవైకి పైగా.

వీరందరూ చేసిన పనిలో ఒక పోలిక ఉన్నది. మన వీణను చూస్తే అది తేటపడుతుంది. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు తీగలు స-ప-స-ప అని మేళవించి ఉంటాయి. ప్రక్కనున్న మూడు తాళతీగలలోనూ షడ్జ పంచమాలే. గాంధారం గాని మధ్యమం గాని ఏ తీగకూ సొంతం కాదు. కదిలే స్వరాలన్నీ వాద్యకారుని వ్రేలికి వదిలివేసి, ఎన్నటికీ కదలరాని రెండింటిని మాత్రమే తీగలకు అప్పగించారు. మంచి శ్రుతి కూర్చేవాడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఏది కదలకూడదు?

అమెరికాలో ఇదే ప్రశ్నకు వేరొక సమాధానం దొరికింది. అక్కడి సంగీతానికి కలయికలు ప్రాణం. వాటిని వదులుకోవడం సాధ్యం కాదు. ఒక శ్రుతి చాలకపోతే రెండు మెడలు, మూడు మెడలు, నాలుగు మెడలు గల గిటారులు చేశారు. తరువాత తీగ లాగుడునే మార్చే పెడళ్లు వచ్చినవి. తీగ మ్రోగుతుండగానే పెడలు నొక్కి స్వరాన్ని జరపడం వినిపించి అందరి చెవులనూ ఆకర్షించినవాడు బడ్ ఐజాక్స్. వెబ్ పియర్స్ పాడగా 1954లో ప్రజాదరణ పొందిన ‘స్లోలీ’ పాటలో ఆ వాద్యం ఉన్నది. అంతటితో నాష్‌విల్ వాద్యకారులందరూ తమ గిటారులకు పెడళ్లు బిగించుకొన్నారు.

వారి పది తీగల శ్రుతిని సరళి వరసలు నేర్చినవారు సులభంగా గ్రహించవచ్చు. వాద్యకారునికి దూరంగా ఉన్న తీగ నుండి మొదలుపెట్టి చదివితే అది రి-ని-గ-స-ప-గ-రి-స-ని-ప. మొదటి నిషాదం కాకలి, రెండవది కైశికి. మొదటి రెండు తీగలు వరుసకు విరుద్ధంగా మూడవ తీగకంటె తక్కువ స్వరంలో ఉండడం చూసి అచ్చుతప్పు అనుకోరాదు. ఖాళీలు పూరించడానికి 1960ల ఆరంభంలో బడ్డీ ఎమ్మన్స్ వాటిని కావాలనే అక్కడ చేర్చాడు. ఇక మొదటి పెడలు నొక్కితే పంచమాలు ధైవతానికి ఎక్కుతాయి. రెండవది నొక్కితే గాంధారాలు మధ్యమానికి ఎక్కుతాయి. రెండూ కలిపి నొక్కితే స-గ-ప కాస్తా స-మ-ద అవుతుంది. ఇంత జరిగినా షడ్జం తన చోటు నుండి కదలలేదు. రెండు స్వరాలు నడుస్తుంటే మూడవది నిలబడి ఉండడం, ఆ నిలకడ మీద నడక వినబడడం, పెడల్ స్టీలు గిటారు కంటతడి పెట్టించే గుణానికి మూలం. అక్కడ కూడ గెలిచింది కదలని స్వరమే!

వాట్‌గంజ్ గదిలోని మనిషికి ఈ రెండు దారులూ తెలుసు. సాయంత్రం సినిమా పాటలు, రాత్రి రాగాలు వాయించే చేయి అతనిది. కలయికలూ కావాలి, హిందోళమూ కావాలి. కాగితం తీసుకొని అతడు వ్రాసే మొదటి వరుస బహుశా ఇట్లా ఉంటుంది: పై నుండి క్రిందికి స, ప, గ, స, ప, స, ఇవి ఆరు వాయించే తీగలు. మిగిలిన రెండూ చికారీకి, ఒకటి మధ్య షడ్జం, ఒకటి తార షడ్జం.

ఇక్కడ పదార్థశాస్త్రం అడ్డు వస్తుంది. ఈ గిటారులలో మ్రోగే తీగ పొడవు సుమారు 61 సెంటీమీటర్లు. ఆ పొడవున ఉక్కు తీగను బిగిస్తూ పోతే సెకనుకు 460 కంపనాల చుట్టుపట్ల అది తెగిపోతుంది. సన్నని తీగ వేస్తే ఇంకా పైకి పోవచ్చునని చాలామంది అనుకొంటారు, అది పొరపాటు. తీగ లావైన కొద్దీ బరువెక్కుతుంది, అదే పాళ్లలో బలమూ పెరుగుతుంది. సన్నబడితే రెండూ కలిసే తగ్గుతాయి. కనుక తెగే స్వరం మాత్రం మారదు. నాష్‌విల్ శ్రుతిలోని మూడవ తీగనే చూడండి. అది 415 కంపనాల దగ్గర ఉంటుంది. పెడలు దానిని 440కి ఎక్కిస్తుంది. అంగుళంలో వెయ్యింట పదకొండు వంతుల మందం గల ఆ తీగ మామూలుగా పన్నెండున్నర కిలోల బరువును మోస్తున్నట్లు లెక్క. పెడలు నొక్కినప్పుడు పద్నాలుగు దాటుతుంది. పెడల్ గిటారు వాద్యకారులు తరచు తెంపుకొనే తీగ అదే కావడంలో వింత లేదు.

మన వాద్యకారుడు మధ్య షడ్జాన్ని 294 కంపనాల వద్ద ఎంచుకొంటే పై తీగకు ప్రమాదం లేదు. కాని తార షడ్జం 587. దానిని పూర్తి పొడవున బిగించడానికి ఎంత డబ్బు పోసినా తీగ దొరకదు. సితారులో చికారీ బిరడలు మెడ మధ్యలో ఎందుకున్నవో, వీణలో తాళతీగలు దండి ప్రక్కన పొట్టిగా ఎందుకు ముగుస్తాయో ఈ లెక్క చెబుతుంది. గదిలోని మనిషి కూడ ఎనిమిదవ తీగకు మెడ మధ్యన వేరే ఆనుడు పెట్టి, దాని పొడవును 40 సెంటీమీటర్లకు కుదించవలసిందే. పాత వడ్రంగులు సూత్రం తెలిసి చేశారో, తెగిన తీగలను చూసి చేశారో గాని, సరిగానే చేశారు.

తరువాత పెడళ్లు. మొదటి పెడలుకు అతడు రెండు పంచమాలను అప్పగిస్తాడు; నొక్కితే అవి మధ్యమానికి దిగాలి. రెండవ పెడలుకు అంతర గాంధారం. నొక్కితే సాధారణ గాంధారం కావాలి. అమెరికావారి పెడళ్లు ఎక్కువగా స్వరాన్ని పైకి లాగుతాయి, ఇతనివి దించుతాయి. తీగ ప్రాణానికి ఇది మేలు. ఫలితం చూడండి. పెడళ్లు రెండూ వదిలితే స-గ-ప: మోహనం, హంసధ్వని, శంకరాభరణం హాయిగా పలుకుతాయి. రెండవది మాత్రం నొక్కితే తోడికీ ఖరహరప్రియకూ అపస్వరం లేని శ్రుతి. సినిమా పాటలోని విషాద కలయిక కూడ అదే. రెండూ నొక్కితే స-గ-మ. పంచమం లేని హిందోళం, ఉత్తరాదివారి మాల్‌కౌంస్, తంబురను మధ్యమానికి మార్చి పాడే రాగం. తంబురకు బిరడ త్రిప్పి చేసే మార్పునే ఇక్కడ కాలు చేస్తున్నది.

చెప్పడానికి ఇది తేలిక. పంచమాన్ని మధ్యమానికి దించాలంటే తీగ లాగుడులో అయిదింట ఒక వంతు సడలించాలి. అంతర గాంధారాన్ని సాధారణ గాంధారం చేయడానికి నూటికి ఎనిమిది చాలు. పై పంచమం నున్నని ఉక్కు తీగ, క్రింది పంచమం పైన చుట్టు చుట్టిన లావు తీగ. ఒకే పెడలు రెంటినీ ఒకే స్వరభేదానికి దించాలన్నా ఒక్కొక్క దానికి జరగవలసిన దూరం వేరు. కనుక ఒక్కొక్క తీగకు వేరుగా మీట, వేరుగా మర. పైగా ఒక తీగ లాగుడు మారితే పెట్టె రవ్వంత వంగుతుంది లేదా నిక్కుతుంది, దానితో ముట్టుకోని తీగల శ్రుతి కూడ చెదురుతుంది. పది తీగల గిటారు పెట్టె మీద నూరు కిలోలకు మించిన లాగుడు ఉంటుందని గుర్తుంచుకొంటే ఇది ఆశ్చర్యం కాదు. వాద్యపు పెట్టె ఎంత బిగువుగా ఉంటే అంత మంచిదని పెడల్ గిటారు చేసేవారు పట్టుబట్టడం ఇందుకే.

గాంధారం విషయంలో మరొక పేచీ ఉన్నది. స్థాయిని 1200 సూక్ష్మభాగాలు చేస్తే హార్మోనియం చెప్పే అంతర గాంధారం 400 దగ్గర ఉంటుంది. తంబురలో తానుగా పుట్టే గాంధారం 386 దగ్గర. సినిమా పాటకు వెనుక కీబోర్డు ఉంటే మొదటిది కావాలి, రాగానికి రెండవది కావాలి. నాష్‌విల్‌లో కూడ చాలామంది గాంధారపు తీగను యంత్రం చూపే గుర్తుకంటె కొద్దిగా దించి మేళవిస్తారు. కూర్చొని లెక్కలు వేసేవానికి ఇక్కడ రాజీ తప్పదు. వాట్‌గంజ్ మనిషి కడ్డీని నమ్మి రెండవదానినే ఎంచుకొంటాడనుకోండి. పాటలో గాంధారం కొంచెం తక్కువయితే కడ్డీతో సర్దవచ్చు. ఖాళీ తీగ మ్రోగుతున్నప్పుడు దానిని సర్దడానికి ఎవరూ లేరు.

ఇక, పెడలు పెట్టినంత మాత్రాన గమకం రాదు. పెడలుకు రెండే గమ్యాలు: నొక్కిన చోటు, వదిలిన చోటు. ఆ రెంటినీ మరలు కట్టివేస్తాయి. తోడిలో గాంధారం ఒక చోట నిలవదు, ఊగుతుంది. ఆ ఊపు చేతిలోని కడ్డీ పని, కాలి పని కాదు. భారతీయ వాద్యకారులు డెబ్బయి ఏళ్లుగా పెడళ్ల జోలికి అంతగా పోకపోవడానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. ఒంటి స్వరం మీద నడిచే సంగీతానికి కడ్డీయే సమస్తం చేసిపెట్టింది. పెడలు ఇక్కడ చేయగలిగిన కొత్త మేలు ఒక్కటే: రాగం మారినప్పుడు వెనుకనున్న నిశ్చల స్వరాలను మార్చడం. అటువంటప్పుడు గంటసేపు సాగే ఆలాపన అంతటా కాలు నొక్కి ఉంచడం శిక్ష. కనుక అతడు గీసిన చిత్రంలో పెడలు ప్రక్కన ఒక కొక్కెం కనబడుతుంది. నొక్కి కొక్కెం తగిలిస్తే పెడలు అక్కడే ఉండిపోతుంది. నాష్‌విల్‌వారు చూస్తే నవ్వవచ్చు. వారి పెడలు ప్రతి చరణంలోనూ పదిసార్లు లేవాలి. కాని వారికి హిందోళం వాయించే పని లేదు.

కొక్కెం తీసి పెడలు వదిలితే పంచమం తిరిగి పంచమానికి రావాలి. మొదటి రాత్రి అది రాదు. చెవికి తెలిసే అంత ఎక్కువగా, సరిగ్గా ప్రతిసారీ అదే వైపున ఆగిపోతుంది. మర త్రిప్పి క్రిందికి సరిచేస్తే ఈసారి మధ్యమం చెడుతుంది. అతడు మరలను వదిలి, మెడ చివర తీగ ఆనే గాడిని దీపం దగ్గరకు తెచ్చి చూస్తాడు. తీగ జారినప్పుడల్లా ఆ గాడి అంచు దానిని పట్టుకొంటున్నది. పెన్సిలు ముల్లు అరగదీసి ఆ నల్లని పొడిని గాడిలో రాస్తాడు. అది చాలకపోతే రేపు అక్కడ తిరిగే చిన్న ఇత్తడి చక్రం పెట్టాలి. తీగను మళ్లీ బిగించి, పెడలు నొక్కి, వదిలి, పంచమాన్ని షడ్జంతో కలిపి మీటుతాడు.